ఎద సూది నిలవాలంటే: అండవాహిక లెక్క తెలిసి, గంట చూసి వేయించే పద్ధతి

కందుకూరు నుంచి, పొదిలి నుంచి, ఆత్మకూరు నుంచి ఒకటే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది. "బర్రెకు మూడు సూదులు వేయించాం, మూడుసార్లూ తిరిగి పొర్లింది. వీర్యం మంచిది కాదా?" సూది అంటే ఇక్కడ కృత్రిమ గర్భధారణ, తిరిగి పొర్లడం అంటే చూడి కట్టక మళ్ళీ ఎదకు రావడం. వీర్యాన్ని అనుమానించే ముందు గంటను అనుమానించండి. ఏ గంటకు ఎద మొదలైంది, ఏ గంటకు సూది పడింది అని అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. "పొద్దున చూశాం, కుదిరినప్పుడు వేయించాం" అంటారు.

ఇది పాడి రైతుకూ, ఊళ్ళో సూదులు వేసే గోపాలమిత్రకూ, రైతు సేవా కేంద్రంలో పనిచేసే పశు సంవర్ధక సహాయకుడికీ కలిపి రాసిన మార్గదర్శి. 5వ, 6వ భాగాలు సూది వేసేవారి పని. అయినా రైతు కూడా చదవాలి, ఎందుకంటే పక్కన నిలబడి చూసేది ఆయనే.

## 1. ముందు లోపలి లెక్క: వీర్యకణం పరుగు కాదు, మజిలీ

గన్‌తో, అంటే సూది వేసే సన్నటి కడ్డీతో, వదిలిన వీర్యం నేరుగా అండం దగ్గరికి ఈదుకుంటూ పోతుందని అనుకుంటాం. అలా జరగదు. లోపల జరిగేది తెలిస్తే తర్వాతి దశలన్నీ ఎందుకో మీకే అర్థమవుతాయి. అందుకే ఈ భాగం కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపికగా చదవండి.

ఆవుకైనా బర్రెకైనా గర్భాశయానికి రెండు కొమ్ములుంటాయి. ఒక్కో కొమ్ము చివర సన్నటి, మెలికలు తిరిగిన గొట్టం ఉంటుంది. అదే అండవాహిక. ఆవులో దాని పొడవు సుమారు 20 నుంచి 25 సెంటీమీటర్లు. గర్భాశయం వైపు ఉన్న సగం ఇరుకు, అండాశయం వైపు సగం వెడల్పు. ఈ రెండూ కలిసే చోటే అండం, వీర్యకణం కలుస్తాయి.

మన దేశంలో ఒక స్ట్రాలో, అంటే గడ్డకట్టించిన వీర్యం ఉండే సన్నటి గొట్టంలో, సాధారణంగా 2 కోట్ల వీర్యకణాలు నింపుతారు. కరిగించాక అందులో కనీసం సగం కదలాలన్నది ప్రమాణం. వీటిలో చాలా భాగం కొద్ది గంటల్లోనే వెనక్కి జారి బయటికి పోతుంది. కొంత భాగాన్ని తెల్ల రక్తకణాలు మింగేస్తాయి. అండవాహిక దాకా చేరేవి వేలల్లోనే.

చేరినవి అండం కోసం ఎగబడవు. ఇరుకు భాగంలో గోడకు తల ఆనించి అతుక్కుంటాయి. వీర్యద్రవం నుంచి వచ్చి ఎద్దు వీర్యకణం తలకు అంటుకున్న కొన్ని ప్రొటీన్లు, అండవాహిక గోడ మీది చక్కెర గొలుసులను పట్టుకుంటాయి. గోడకు అంటిన కణం తోక నెమ్మదిస్తుంది, శక్తి ఖర్చు తగ్గుతుంది, పైపొర చెడకుండా ఉంటుంది. అంటుకోనిది త్వరగా చస్తుంది. వీర్యం గంటల తరబడి బతికుండేది ఈ గోడ దయవల్లే.

అండం విడుదలయ్యే వేళ దగ్గర పడేకొద్దీ హార్మోన్ల మార్పుతో అండవాహికలో ఊరే ద్రవం తీరు మారుతుంది. ఈ స్రావాలే వీర్యకణాన్ని అండంలోకి దూరడానికి సిద్ధం చేస్తాయి. వాటిలో పనిచేసేవి ముఖ్యంగా ఇవి:

- బైకార్బొనేట్: ద్రవాన్ని క్షారంగా ఉంచుతుంది. వీర్యకణంలోకి వెళ్ళి తోకను ఉత్తేజపరిచే మార్పుల గొలుసును మొదలుపెడుతుంది.
- అల్బుమిన్ లాంటి ప్రొటీన్లు: వీర్యకణం పైపొరలోని కొలెస్టరాల్‌ను లాగేస్తాయి. పొర మెత్తబడి, అండాన్ని తాకగానే తెరుచుకోవడానికి వీలవుతుంది.
- హెపారిన్ లాంటి పదార్థాలు: ఎద్దు వీర్యకణం తలమీది పాత పూతను వదిలిస్తాయి. ల్యాబుల్లో పరీక్షనాళికలో పిండాలు తయారు చేసేటప్పుడు ఎద్దు వీర్యానికి హెపారిన్ కలిపేది ఇందుకే.
- కాల్షియం: తోకలోకి చొరబడి దాని కొట్టుడు తీరు మారుస్తుంది.

ఈ మార్పులన్నీ అయ్యాక తోక ఒకవైపు గట్టిగా వంగుతూ, చర్నాకోల విసిరినట్టు కొట్టుకుంటుంది. ఆ విసురుకే కణం గోడ నుంచి ఊడి, చిక్కటి జిగురులోంచి ముందుకు పోయి, అండం పొరను ఛేదించగలుగుతుంది. మామూలుగా తిన్నగా ఈదే కణానికి అంత బలం చాలదు. అంటే సూక్ష్మదర్శిని కింద వీర్యం బాగా కదులుతోంది అన్నంత మాత్రాన చూడి కడుతుందని కాదు. గోడకు అంటుకోవాలి, ఆగాలి, సిద్ధపడాలి, ఊడాలి. స్త్రీ శరీరంలో గడిపితేనే వీర్యానికి అండాన్ని ఫలదీకరించే శక్తి వస్తుందని 1951లో చాంగ్, ఆస్టిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు విడివిడిగా కనుక్కున్నారు.

ఇక గంటల లెక్క. చేతి పుస్తకంలో రాసి పెట్టుకోండి:

- గన్‌తో వదిలాక తగినన్ని వీర్యకణాలు అండవాహిక ఇరుకు భాగానికి చేరి నిలవడానికి: సుమారు 6 నుంచి 8 గంటలు.
- ఆవులో ఎద మొదలైన దగ్గర్నుంచి అండం విడుదలకు: సుమారు 24 నుంచి 30 గంటలు. ఎద చల్లారాక 10 నుంచి 12 గంటలకన్న మాట.
- బర్రెలో ఎద ఎక్కువసేపు సాగొచ్చు, కాబట్టి అండం విడుదల ఇంకా ఆలస్యం కావచ్చు.
- విడుదలైన అండం మంచి స్థితిలో ఉండేది: 6 నుంచి 10 గంటలు.
- గడ్డకట్టించిన వీర్యం లోపల పనికొచ్చేది: 12 నుంచి 24 గంటలు. ఆబోతు దాటినప్పుడు పడే తాజా వీర్యం ఇంతకన్నా ఎక్కువసేపు నిలుస్తుంది.

ఆ చివరి అంశమే చాలా కొంపలు ముంచుతోంది. మైనస్ 196 డిగ్రీల దాకా చల్లబరిచి మళ్ళీ కరిగించినప్పుడు, అండవాహికలో జరగాల్సిన మార్పుల్లో కొన్ని కణం పైపొరలో ముందే జరిగిపోతాయి. అలాంటి కణం గోడకు సరిగా అంటుకోదు, త్వరగా అలసిపోతుంది. అందుకే ఆబోతుకు వదిలినప్పుడు చెల్లిన అజాగ్రత్త స్ట్రాతో చెల్లదు.

మొత్తం మీద మనం చేయాల్సిన పని ఒక్కటే: అండం దిగేసరికి వీర్యం అక్కడ చేరి, సిద్ధమై ఉండాలి. మరీ ముందు పోస్తే చచ్చిపోతుంది. మరీ ఆలస్యమైతే అండం ముదిరిపోతుంది.

## 2. ఎదకు ముందే చూసుకోవాల్సినవి

ఎద వచ్చిన రోజు హడావిడి పడితే లాభం లేదు. అండవాహిక లోపలి పొర ఆరోగ్యంగా ఉండాలంటే మేత సంగతి నెలలు ముందే చూడాలి.

మన నెల్లూరు డెల్టాలో వరిగడ్డి మీదే పశువును నెట్టుకొస్తారు. వరిగడ్డిలో భాస్వరం తక్కువ, విటమిన్ ఎ దాదాపు లేనట్టే. విటమిన్ ఎ లేకపోతే గర్భాశయం, అండవాహిక లోపలి పొరలు దెబ్బతింటాయి. కనిగిరి, పొదిలి మెట్టలో ఎండాకాలం పచ్చిమేత అసలు దొరకదు, అక్కడ ఈ లోటు ఇంకా ఎక్కువ. కాస్త పచ్చిగడ్డి, సుబాబుల్ ఆకు, అవిశ ఆకు ఏదో ఒకటి రోజూ పడేలా చూడండి. ఖనిజ లవణ మిశ్రమం పెద్ద పశువుకు రోజుకు 50 గ్రాములు దాణాలో కలపండి. ఎదకు వచ్చాక వారం రోజులు పెట్టి ఆపేస్తే అది డబ్బు దండగ.

సూదికి పశువు సిద్ధమా కాదా:

- ☐ ఈని కనీసం 60 రోజులు అయింది.
- ☐ ఈనినప్పుడు మాయ సకాలంలో పడింది. పడకపోతే, చేత్తో తీయించి ఉంటే డాక్టరుకు ముందే చెప్పారు.
- ☐ నడుం ఎముకలు, పక్కటెముకలు పొడుచుకొచ్చేంత బక్కగా లేదు.
- ☐ నట్టల మందు తాగించారు.
- ☐ చెవి ట్యాగు ఉంది, 12 అంకెల నంబరు మీ దగ్గర రాసి ఉంది.
- ☐ గత ఎద తేదీ తెలుసు. తెలియకపోతే ఈసారి నుంచి రాస్తారు.

పెయ్య, పడ్డల విషయంలో వయసు కన్నా ఒంటి బరువు చూడండి. పెద్ద పశువు బరువులో సుమారు 60 శాతం రాకుండా తొందరపడొద్దు.

## 3. ఎదను పట్టుకోవడం

రోజుకు రెండు పూటలా, తెల్లవారుజామున ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, కనీసం 20 నిమిషాలు పశువు దగ్గర నిలబడి చూడండి. పాలు పితుకుతూ ఓ కంట చూడటం కాదు. మేత వేయకముందు చూడాలి. మేత పడితే వాటి ధ్యాస అంతా దాని మీదే.

ఆవులో తేలిక. అరుస్తుంది, మిగతావాటి మీద ఎక్కుతుంది, చివరికి తన మీద ఎక్కితే కదలకుండా నిలబడుతుంది. ఆ నిలబడటమే అసలు ఎద. గడియారం అక్కడి నుంచి మొదలవుతుంది. వేరే ఆవు మీద ఇది ఎక్కినంత మాత్రాన లెక్క మొదలైనట్టు కాదు. మన ఒంగోలు జాతి ఆవుల్లో ఎద కాలం సంకర జాతి కన్నా పొట్టిగా ఉంటుంది, రాత్రిపూట వచ్చి తెల్లారేసరికి చల్లారడమూ ఉంది. చదలవాడ, చీమకుర్తి వైపు ఒంగోలు ఆవులున్నవారు రాత్రి చూపు మానకూడదు.

బర్రెలో కష్టం. ఒకదాని మీద ఒకటి ఎక్కడం అరుదు. చూడాల్సినవి ఇవి:

- ఊరికే మాటిమాటికి కొంచెం కొంచెం ఉచ్చ పోయడం
- అలవాటు లేని అరుపు, మేత సగంలో వదిలేయడం
- పాలు హఠాత్తుగా తగ్గడం, లేదా చేపకపోవడం
- పితకకపోయినా చనుకట్లు బిగిసి ఉండటం
- మానం ఉబ్బి, లోపల ఎర్రగా తడిగా ఉండటం
- పడుకున్నప్పుడు వెనక నేల మీద తీగ (మానం నుంచి కారే జిగురు) పడి ఉండటం

బర్రె తీగ ఆవులోలా వేలాడదు. లేచాక అది పడుకున్న చోటు చూడాలి. మట్టి నేల అయితే మెరుస్తూ అంటుకున్న మరక కనిపిస్తుంది.

రోహిణి కార్తె ఎండల్లో బర్రెలకు మూగ ఎద మామూలే. తీగ తప్ప వేరే లక్షణం ఉండదు, అదీ తెల్లవారుజామున మాత్రమే. మధ్యాహ్నం ఎంత వెతికినా దొరకదు.

### తీగ పరీక్ష

తీగ దొరికితే తుడిచేయొద్దు. శుభ్రమైన బొటనవేలు, చూపుడువేలు మధ్య తీసుకుని మెల్లగా విడదీయండి. వెలుతురుకు పట్టి చూడండి.

- గుడ్డులోని తెల్లసొనలా తేటగా ఉండి, తెగకుండా సాగితే ఎద బాగుంది.
- చిక్కబడి, మసకగా, సాగకుండా తెగితే ఎద దాటిపోయి ఉండొచ్చు. గంటలు సరిచూడండి.
- తెల్లని తునకలు, పసుపు చారలు, వాసన ఉంటే ఆ ఎదకు సూది వద్దు. గర్భాశయంలో చీము ఉన్నప్పుడు వీర్యం అండవాహిక దాకా చేరదు, చేరినా అక్కడి స్రావం దాన్ని కాపాడదు. ముందు వైద్యం చేయించండి, తర్వాతి ఎద చూడండి.
- ఎర్రటి నెత్తురు జీర ఉంటే ఎద అయిపోయి ఒకటి రెండు రోజులైంది. ఇది ఆవుల్లో, ముఖ్యంగా పెయ్యల్లో కనిపిస్తుంది. జబ్బు కాదు. ఆ రోజు రాసుకుని, 18వ రోజు నుంచి మళ్ళీ కనిపెట్టండి.

## 4. సూది గంటను నిర్ణయించడం

ఆవుకు అందరూ చెప్పే సూత్రం సరైనదే: పొద్దున ఎద చూస్తే సాయంత్రం, సాయంత్రం చూస్తే మర్నాడు పొద్దున. చిక్కంతా ఎద చూసిన గంటకూ ఎద మొదలైన గంటకూ తేడాలో ఉంది.

కాబట్టి రెండు గంటలు రాయండి. ఎద లేదని ఆఖరుసారి చూసిన గంట, ఎద ఉందని మొదటిసారి చూసిన గంట.

ఒక ఉదాహరణ. రాత్రి 9కి ఆవును చూశారు, ఏమీ లేదు. తెల్లవారుజామున 5కి చూస్తే ఎదలో ఉంది. ఎద 9 నుంచి 5 లోపు ఎప్పుడైనా మొదలై ఉండొచ్చు. దానికి 28 గంటలు కలిపితే అండం అర్ధరాత్రి దాటాక 1 గంటకు దిగొచ్చు, మర్నాడు పొద్దున 9కి దిగొచ్చు. మధ్యాహ్నం 3కి సూది వేయిస్తే మొదటి లెక్కకు 10 గంటలు, రెండో లెక్కకు 18 గంటలు ముందు వీర్యం పడినట్టు. రెండింటికీ సరిపోతుంది. అదే పొద్దున 6కే తొందరపడి వేయిస్తే, రెండో లెక్కలో వీర్యం 27 గంటలు కాచుకోవాలి. స్ట్రా వీర్యం అంతసేపు ఆగదు.

ఇంకో సందర్భం. నిన్న పొద్దున తర్వాత ఎవరూ చూడలేదు, ఈ పొద్దున చూస్తే తీగ వేస్తోంది. ఎక్కితే ఇంకా నిలబడుతుంటే మధ్యాహ్నం లోపు వేయించండి. ఎక్కనివ్వకుండా కొమ్ము విసురుతుంటే ఎద చల్లారిపోతోంది, అప్పుడు ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా. చల్లారి అరపూట దాటితే ఆ నెల వదిలేయడమే మేలు.

బర్రెకు: ఎద మొదలైన 12 నుంచి 18 గంటల మధ్య మొదటి సూది. 24 గంటలు దాటాక కూడా తీగ తేటగా సాగుతూ, ఎద తగ్గకపోతే రెండో సూది. "రెండోది ఎందుకు, ఒకటి వేశాంగా" అనేవారికి నా జవాబు: బర్రెలో అండం ఆలస్యంగా దిగడం కొత్త కాదు, ఆ ఎద పోతే మూడు వారాల పాలు పోయినట్టే.

ఆడ దూడల స్ట్రా, అంటే ఆడ దూడలే ఎక్కువగా పుట్టేలా వేరు చేసిన వీర్యం, వాడితే సూది గంటను ఇంకా ఆలస్యం చేయాలి. వేరు చేసిన ఆ వీర్యంలో కణాలు తక్కువ, వేరుచేసే యంత్రంలో నలిగి ఉంటాయి కాబట్టి ఆయుష్షూ తక్కువ. ఎద మొదలైన 16 నుంచి 24 గంటల మధ్య, అండం విడుదలకు దగ్గరగా పడాలి. తిరిగి పొర్లే పశువుకు ఈ స్ట్రా వాడొద్దు. ఒకటి రెండుసార్లు ఈని, ఎద క్రమంగా వచ్చే పశువుకూ, ఎదిగిన పెయ్యకూ వాడండి.

## 5. క్యాన్ నుంచి గన్ దాకా

క్యాన్ అంటే స్ట్రాలను ద్రవ నత్రజనిలో దాచే పాత్ర. ఇక్కడ జరిగే పొరపాటు కంటికి కనిపించదు. వీర్యం బతికే ఉంటుంది, కదులుతుంది కూడా. కానీ పైపొర చెడి ఉంటే అండవాహిక గోడకు అంటుకోదు.

మొదలుపెట్టే ముందు దగ్గర ఉండాల్సినవి: మూతగల ఫ్లాస్కులో 37 డిగ్రీల నీళ్ళు, థర్మామీటరు, పట్టకారు, పొడి గుడ్డ లేదా టిష్యూ, స్ట్రా కట్టర్ లేదా పదునైన కత్తెర, గన్, కొత్త షీత్ (గన్ మీద వేసే తొడుగు), భుజం దాకా వచ్చే గ్లవ్.

1. ముందు పశువును పరీక్షించండి. చేయి పెట్టి ఎద ఖాయం చేసుకోకుండా స్ట్రా బయటికి తీయొద్దు. పశువు చూడితో ఉండి కూడా తీగ వేసే సందర్భాలు ఉన్నాయి.
2. నీళ్ళ వేడి థర్మామీటరుతో చూడండి. చేయి పెట్టి "వెచ్చగానే ఉంది" అనేది కొలత కాదు.
3. క్యాన్ మెడలోని మంచు గీత దాటి క్యానిస్టర్‌ను (లోపల స్ట్రాలుండే గిన్నెను) పైకెత్తొద్దు. స్ట్రా వెతకడానికి 5 నుంచి 8 సెకన్లకు మించితే మళ్ళీ ద్రవ నత్రజనిలో ముంచి, ఆగి, తీయండి. ఒక్కో ఆలస్యం మిగతా స్ట్రాలను కూడా దెబ్బతీస్తుంది.
4. పట్టకారుతో తీసి, ఒక్కసారి విదిలించి, వెంటనే నీళ్ళలో వేయండి. 37 డిగ్రీల దగ్గర 30 సెకన్లు. గడియారం చూడండి.
5. స్ట్రాను పూర్తిగా పొడిగా తుడవండి. ఒక్క నీటి చుక్క వీర్యంలో కలిసినా కణాలు నీళ్ళు పీల్చి ఉబ్బి, తోకలు చుట్టుకుపోతాయి.
6. స్ట్రా మీద రాసినవి చదవండి: జాతి, ఆబోతు నంబరు, తేదీ. రైతుకు చూపించి, పుస్తకంలో ఎక్కించండి.
7. గన్‌ను గుడ్డతో రుద్ది వెచ్చబరచండి. దూది ఉన్న వైపు గన్‌లోకి, మూసి ఉన్న వైపు బయటికి. గాలి బుడగ దగ్గర తిన్నగా కత్తిరించండి. ఏటవాలుగా తెగితే షీత్‌లో సరిగా కూర్చోదు, వీర్యం వెనక్కి కారుతుంది.
8. షీత్ వేసి, మే నెల ఎండైతే నీడలోనే ఉంచండి. గన్‌ను చొక్కా లోపల పెట్టుకోవడం చలికాలం తెల్లవారుజామున మంచి అలవాటే.
9. కరిగించిన దగ్గర్నుంచి 10 నిమిషాల లోపు లోపల వదలాలి.

ఒకేసారి నాలుగైదు స్ట్రాలు కరిగించి వరసగా ఊళ్ళో తిరగడం, కరిగించిన స్ట్రాను పశువు సహకరించలేదని మళ్ళీ క్యాన్‌లో వేయడం, ఈ రెండూ చూస్తే రైతు నిర్మొహమాటంగా వద్దనాలి. చంకలో పెట్టి, అరచేతుల మధ్య నలిపి కరిగించడం కూడా అంతే.

## 6. ఎక్కడ వదలాలి

మానాన్ని శుభ్రమైన నీటితో కడిగి పొడిగా తుడవాలి. సబ్బు, డెటాల్ మరకలు ఉండిపోతే వీర్యానికి విషం. పేడ తీయడానికి వాడే జారుడు ద్రవం గన్ చివరకు తగలకూడదు.

గన్‌ను మొదట కొంచెం పైకి వాల్చి పోనివ్వాలి, లేకపోతే మూత్రనాళం వైపు దిగుతుంది. గర్భాశయ ముఖద్వారంలోని మడతలు ఒక్కొక్కటిగా దాటాలి. బలం గన్‌తో కాదు, లోపలి చేత్తో ముఖద్వారాన్ని గన్ మీదికి తొడగాలి. ఆఖరి మడత దాటగానే గన్ మొన చూపుడువేలికి తగులుతుంది. అక్కడే, గర్భాశయ దేహంలో, ఐదు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలాలి.

ముఖద్వారం మధ్యలోనే వదిలేస్తే చాలా భాగం వెనక్కి వస్తుంది. మరీ లోపలికి, ఒక కొమ్ములోకి గుచ్చితే లోపలి పొర గాయపడుతుంది, రెండో వైపు అండవాహికకు వీర్యం సరిగా అందకపోవచ్చు. "లోతుగా వేస్తే గ్యారంటీ" అనే మాట నమ్మొద్దు.

అండాశయాన్ని గట్టిగా నొక్కి చూడటం, ఇక్కడ కొందరికి గొప్పగా అనిపించే అలవాటు. అండవాహిక పక్కనే సన్నటి పొరలో వేలాడుతూ ఉంటుంది. నలిపితే నెత్తురు కారి, తర్వాత అతుకులు పడి, గొట్టం శాశ్వతంగా మూసుకుపోవచ్చు.

## 7. సూది తర్వాత వారం

ఫలదీకరణ జరిగినా పిండం వెంటనే గర్భాశయంలోకి రాదు. నాలుగు రోజుల దాకా అండవాహికలోనే, ఆ స్రావాల మధ్యే పెరుగుతుంది. ఈ మొదటి రోజుల పిండానికి వేడి అసలు పడదు. పశువు ఒళ్ళు కాగితే అది అక్కడే చచ్చి, 21 రోజులకు పశువు మామూలుగా తిరిగి ఎదకొస్తుంది. రైతు సూది నిలవలేదు అనుకుంటాడు. నిజానికి నిలిచింది, తర్వాత పోయింది.

- ☐ సూది అయిన వెంటనే తోలుకుపోవద్దు. అరగంట నీడలో కట్టేయండి, కొట్టొద్దు, బెదిరించొద్దు.
- ☐ ఎండాకాలం సూదిని పొద్దున్నే గానీ, పొద్దువాలాక గానీ పడేలా గంట సర్దండి.
- ☐ వారం పాటు మిట్టమధ్యాహ్నం మేపుకు వదలొద్దు. బర్రెను చెరువులోనో తొట్టిలోనో తడపండి, రోజుకు రెండుమూడు సార్లు.
- ☐ చల్లటి నీళ్ళు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి.
- ☐ 18 నుంచి 24 రోజుల మధ్య రెండు పూటలా ఎద కోసం చూడండి.
- ☐ ఎదకు రాకపోయినా చూడి అని తేల్చేయొద్దు. 60 నుంచి 90 రోజుల మధ్య డాక్టరుతో పరీక్ష చేయించండి.

బర్రె విషయంలో ఆ ఆఖరి గడి మరీ ముఖ్యం. మూగ ఎద వచ్చిపోయినా మనకు తెలియదు. పరీక్ష చేయించకుండా ఐదారు నెలలు చూడి అనుకుని మేపిన ఇళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి.

## 8. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దే దారి

ఎద చూడగానే ఫోను చేసి వెంటనే వేయించడం. ఫోను వెంటనే చేయండి, సూది గంట మాత్రం లెక్కకట్టి చెప్పండి. సూది వేసే ఆయన దారిన పోతూ వచ్చాడని ముందే వేయించుకోవద్దు.

ఆదివారం, పండగ రోజు ఎద వస్తే మర్నాటికి వాయిదా. అండం మన సెలవులు చూడదు. చుట్టుపక్కల ఇద్దరి నంబర్లు ఉంచుకోండి.

పాత తీగను చూసి ఎద అనుకోవడం. నెత్తురు జీర, మసక తీగ ఉంటే గంట దాటిపోయింది.

సూదితోపాటు ఊరికే యాంటీబయాటిక్ గర్భాశయంలోకి ఎక్కించడం. సూది వేసిన రోజే మందు పోస్తే వీర్యానికి అనువైన వాతావరణాన్ని మనమే పాడుచేసినట్టు. అవసరమైతే ఎప్పుడు, ఎలా అనేది డాక్టరు చెప్పాలి.

క్యాన్‌లో నత్రజని అడుగంటడం. స్కేలుతో మట్టం కొలిచి రాసే అలవాటు ఉందో లేదో అడగండి. ఒక్కసారి ఎండిపోయి మళ్ళీ నింపిన క్యాన్‌లోని స్ట్రాలు చూడ్డానికి బాగానే ఉంటాయి, పనికిరావు.

ఒకే కుటుంబపు ఆబోతు వీర్యం తరతరాలుగా వాడటం. స్ట్రా నంబరు రాయకపోతే తెలియదు. తల్లికి వాడిన నంబరు బిడ్డకు వాడొద్దు.

## 9. మూడుసార్లు వేసినా నిలవకపోతే

ఎద 21 రోజులకు క్రమంగా వస్తూ, తీగ తేటగా ఉంటూ, గంటలు సరిగా పాటించి మూడు సూదులు వేసినా నిలవకపోతే నాలుగోది వేయించకండి. పశువును, రాసిన పుస్తకాన్ని తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పుస్తకం లేకుండా వెళితే ఆయన కూడా ఊహించాల్సిందే.

డాక్టరును అడగాల్సినవి:

1. అండం సకాలంలో దిగుతోందా? సూది రోజు ఒకసారి, మర్నాడు ఒకసారి అండాశయాన్ని మెల్లగా తడిమితేనో, స్కానింగ్ చేస్తేనో తెలుస్తుంది. ఆలస్యమవుతుంటే అండం విడుదలకు తోడ్పడే జీఎన్‌ఆర్‌హెచ్ ఇంజక్షను సూదితోపాటు ఇస్తారు, లేదా 24 గంటలకు రెండో సూది వేస్తారు.
2. కనిపించని గర్భాశయ వాపు ఉందా? తీగను తీసి పరీక్షిస్తారు. తీగ పైకి తేటగా కనిపించినా లోపల వాపు ఉండొచ్చు.
3. అండవాహిక తెరిచే ఉందా? మాయ లాగించుకున్న పశువుల్లో, మోటుగా చేయి పెట్టించుకున్న పశువుల్లో మూసుకుపోయే ప్రమాదం ఎక్కువ. గర్భాశయంలోకి ఒక రంగు మందు పంపి, కొంతసేపటికి తీసిన ఉచ్చకు క్షారం కలిపి చూసే పరీక్ష ఉంది. గొట్టం తెరిచి ఉంటే మందు దాన్లోంచి పొట్టలోకి పోయి, రక్తంలో కలిసి, ఉచ్చలో ఎర్రగా తేలుతుంది. రెండు వైపులా మూసుకుపోయిందని తేలితే ఇక ఎన్ని స్ట్రాలు మార్చినా ప్రయోజనం లేదు.
4. స్ట్రా నాణ్యత. అదే క్యాన్ నుంచి, అదే వారంలో ఊళ్ళో మిగతా పశువులకు నిలిచాయా? నిలిస్తే క్యాన్‌ను వదిలేసి పశువును చూడండి. ఒక్కటీ నిలవకపోతే ఆ స్ట్రాల్లో ఒకదాన్ని సూక్ష్మదర్శిని కింద చూపించమని అడగండి. పశు వైద్యశాలలో అది పది నిమిషాల పని.

పుస్తకంలో ఒక్కో సూదికి ఒక్క వరస చాలు: ఎద లేదని చూసిన గంట, ఎద ఉందని చూసిన గంట, తీగ తీరు, సూది గంట, స్ట్రా నంబరు, వేసినవారి పేరు, ఆ రోజు ఎండ ఎలా ఉంది, 21వ రోజు ఏమైంది. గోడ క్యాలెండరు మీద పెన్సిలుతో గీసినా సరే, ఏడాది మారినప్పుడు ఆ క్యాలెండరును మాత్రం పారేయొద్దు.